నవ్వించిన ఇంటికి నిలువనీడ ఏదీ?

ఎన్నికల రుతువు వచ్చిందంటే తెలుగు రాజకీయ వేదికల మీద కొన్ని మాటలు తప్పక వినిపిస్తాయి. ప్రత్యర్థి హామీలు నమ్మవద్దని చెప్పవలసి వస్తే అతడు ‘పిట్టలదొర’. మాట మార్చినవాడు ‘పగటి వేషగాడు’. లేని గొప్పలు చెప్పుకున్నవాడు ‘తుపాకి రాముడు’. పార్టీలకు అతీతంగా నాయకులందరూ ఈ మాటలను వాడుతున్నారు. వేదిక కింద ఉన్న జనం నవ్వుతారు, మరునాడు పత్రికలలో అవే శీర్షికలవుతాయి. ఈ మాటలన్నీ కొన్ని కుటుంబాలు తరతరాలుగా కడుపు నింపుకొన్న కళారూపాల పేర్లని, ఆ కుటుంబాలు షెడ్యూల్డ్ కులాలలోనూ సంచార జాతులలోనూ అట్టడుగున ఉన్నవని ఎవరికీ గుర్తు రాదు. ఒకరిని కులం పేరుతో బహిరంగంగా దూషిస్తే అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. కళ పేరుతో దూషిస్తే మాత్రం అది చమత్కారం. కులం, కళ విడదీయరానంతగా కలిసిపోయిన సమాజంలో ఈ తేడా ఎవరికి మేలు చేస్తున్నదో ఆలోచించాలి.

పిట్టలదొర అంటే ఎవరు? ఖాకీ దుస్తులు, తలపై టోపీ, భుజాన కొయ్య తుపాకి వేసుకుని ఊరి నడిబొడ్డున నిలబడి, తనకు లేని ఆస్తుల గురించి, తాను చేయని యుద్ధాల గురించి తడుముకోకుండా గొప్పలు చెప్పే హాస్య పాత్ర. ఆ వేషం ఎక్కువగా బుడగ జంగాలది. తెలంగాణలో ‘దొర’ అన్న మాటకు ఉన్న బరువు తెలిసినవారికి ఆ హాస్యంలోని పదును వేరే చెప్పనక్కరలేదు. గుడిసె కూడా లేని మనిషి, దొర గడీ ఎదుట నిలబడి తానే దొరనని ప్రకటించుకుంటాడు. దొర కూడా నవ్వవలసి వచ్చేది. ఆ నవ్వు ఆగిన తరువాత అతడు జోలె చాచేవాడు. వేషంలో ఉన్నంతసేపు అధికారాన్ని వెక్కిరించే స్వేచ్ఛ ఉంది. వేషం తీసిన మరుక్షణం ఆ స్వేచ్ఛ లేదు.

ఈ కళలన్నింటిలో ఒక సామాన్య లక్షణం ఉంది. జట్టు అంటే కుటుంబమే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఆలుమగలు, పిల్లలు కలిస్తేనే ప్రదర్శన. బుర్రకథలో కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు. ఒక వంత హాస్యం పండిస్తే, మరొక వంత లోకవ్యవహారాన్ని, రాజకీయాన్ని ప్రస్తావిస్తాడు. చిందు యక్షగానంలో ఇంటిల్లిపాదీ రంగు పూసుకుంటారు. స్త్రీ పాత్రలను మగవారే కట్టే సంప్రదాయం ఇతర చోట్ల బలంగా ఉన్న కాలంలోనే చిందు స్త్రీలు గజ్జె కట్టారు. నిజామాబాద్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ పురుష పాత్రలలోనూ మెప్పించిన నటి. చిందువారు ప్రదర్శించే జాంబపురాణంలో జాంబవునికీ బ్రాహ్మణునికీ జరిగే వాదం అపూర్వమైన హాస్య ఘట్టం. ఎవరు ముందు పుట్టారు, ఎవరు ఎక్కువ అన్న ప్రశ్నను మాదిగవాడ నడుమ నిలబెట్టి, కుల శ్రేణిని తలకిందులు చేసి చూపే వాదం అది. కులం మీద విమర్శ మనకు ఆధునిక గ్రంథాలతోనే మొదలైందనుకునే విద్యార్థులు ఆ ఘట్టాన్ని ఒకసారి చూడాలి.

కుటుంబమే జట్టుగా హాస్యం పండించి బతకడం మన దేశానికే పరిమితమైనది కాదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో అమెరికాలో ‘వాడెవిల్’ అనే వినోద ప్రదర్శన రాజ్యమేలింది. పాట, ఆట, గారడి, హాస్య సంభాషణ అన్నీ ఒకే టికెట్టు మీద, ఒకదాని తరువాత ఒకటి. ఆ రంగంలో తోబుట్టువుల జట్లు ఎన్నో. వాటిలో రెండింటి జీవితాన్ని మన చిందు, జంగం కుటుంబాల జీవితం పక్కన పెట్టి చూస్తే మన సమస్య మూలం స్పష్టపడుతుంది.

మొదటిది మార్క్స్ సోదరుల జట్టు. న్యూయార్క్‌లో స్థిరపడిన పేద యూదు వలస కుటుంబం. తండ్రి దర్జీ. తల్లి మిన్నీ జర్మనీ నుంచి వచ్చింది. ఆమె తండ్రి అక్కడ ఊరూరా తిరిగి గారడి చేసేవాడు, తల్లి హార్ప్ వాయించేది. మన మాటల్లో చెప్పాలంటే సంచార కళాకారుల ఇల్లు. మిన్నీ తన కొడుకులను పాటల జట్టుగా రంగస్థలం మీదికి నెట్టింది. చికో, హార్పో, గ్రౌచో, గమ్మో, జెప్పో అన్నవి రంగస్థలం పేర్లు. పాటలతో మొదలైన జట్టు క్రమంగా హాస్యానికి మళ్లింది. తొలినాటి వారి బడి ప్రహసనంలో గ్రౌచో జర్మన్ యాస మాట్లాడే పంతులు, హార్పో ఐరిష్ కుర్రాడు, చికో ఇటాలియన్. అంటే ఆనాటి వలస జాతుల యాసలే వారి హాస్య సామగ్రి. 1915లో లూసిటేనియా నౌకను జర్మన్లు ముంచివేసినప్పుడు అమెరికాలో జర్మన్ల మీద ద్వేషం పెరిగింది. గ్రౌచో ఆ యాసను వదిలేశాడు. అక్కడితో ఆ చిక్కు తీరిపోయింది. 1924లో వారు బ్రాడ్వే చేరారు. 1929 నుంచి సినిమాలు. 1933లో వచ్చిన ‘డక్ సూప్’ యుద్ధాన్నీ నియంతలనూ ఎగతాళి చేసింది. ఊరూరా తిరిగిన తాత నుంచి హాలీవుడ్ మనవల దాకా మూడు తరాలు పట్టింది.

ఈ ఎదుగుదలకు చదువు కారణమని అనలేము. హార్పో రెండో తరగతి దాటలేదు. శ్రమ, ప్రతిభ అంటే అవి మన కళాకారులకూ ఉన్నాయి. వారికి దొరికి, మనవారికి దొరకనివి రెండు. ఒకటి, టికెట్టు. ప్రేక్షకుడు ముందే డబ్బు చెల్లించి కూర్చునేవాడు. నాటకశాలల యజమానులు కఠినులే, మార్క్స్ సోదరులతో వారికి గొడవలూ వచ్చాయి, అయినా అది ఒప్పందాల మీద నడిచే వ్యవహారం. రెండు, తీసేయగల వేషం. యూదుల మీద అమెరికాలో వివక్ష లేకపోలేదు. అయితే వేషం, యాస, పేరు మార్చుకుంటే తెల్లవారి సమాజంలో కొంతవరకైనా ముందుకు జరగడానికి దారి ఉండింది.

ఆ దారి అందరికీ తెరిచి లేదని రెండవ జట్టు చెబుతుంది. మేబెల్, ఎస్సీ, ఆల్బర్టా, ఆలిస్ అనే నలుగురు నల్లజాతి అక్కచెల్లెళ్లు విట్మన్ సిస్టర్స్ పేరుతో దాదాపు నాలుగు దశాబ్దాలు అమెరికా అంతటా ప్రదర్శనలు ఇచ్చారు. తండ్రి ఆల్బరీ విట్మన్ బానిసగా పుట్టి మతబోధకుడుగా, కవిగా పేరు పొందినవాడు. ఆడవారే యజమానులుగా ఒక పెద్ద బృందాన్ని నడపడం ఆనాటికి అరుదు. పెద్దక్క మేబెల్ లెక్కలు, ఒప్పందాలు చూసేది. ఆల్బర్టా జుట్టు కత్తిరించుకుని పురుష వేషం కట్టేది. ఆలిస్ టాప్ నృత్యంలో మేటి. వారు లేత వర్ణంలో ఉండేవారు. ముఖానికి నల్లరంగు పూసుకుని ప్రదర్శన ఇచ్చి, తరువాత రంగు తీసి అదే వేదిక మీదికి వచ్చి, ఎవరు నల్లవారో ఎవరు తెల్లవారో తేల్చుకోలేని అయోమయంలో ప్రేక్షకులను పడవేసేవారు. తెల్లవారిగా చెలామణి అయ్యే అవకాశం ఉండి కూడా నల్లవారిగానే నిలిచారు. నల్లజాతి ప్రేక్షకులను వెనుక అటకకే పరిమితం చేసే పద్ధతిని నాటకశాలల వారితో వాదించి సడలింపజేశారు. ఇంత చదువు, ఇంత నిర్వహణ సామర్థ్యం ఉన్నా వారి కాలం ప్రధానంగా నల్లవారి నాటకశాలల వలయంలోనే గడిచింది. ఆ వలయంలో వారిని మహారాణులన్నారు. అయితే మార్క్స్ సోదరులకు తెరుచుకున్న సినిమా తలుపు వారికి తెరుచుకోలేదు.

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. చిందువారికి ‘మిరాశీ’ హక్కు ఉంటుంది. ఫలానా ఊళ్లలో ఫలానా కుటుంబమే ఆడాలి, ఆ ఊరి మాదిగలు వారికి త్యాగం ఇవ్వాలి. తండ్రి పోతే కొడుకులు భూమిని పంచుకున్నట్లు ఊళ్లను పంచుకుంటారు. అమెరికాలో అన్నదమ్ములు వేదిక మీది పాత్రలను పంచుకున్నారు. మన దగ్గర అన్నదమ్ములు అడుక్కునే ఊళ్లను పంచుకోవలసి వచ్చింది. ఈ ఏర్పాటును కళాపోషణ అని పొగిడేవారున్నారు. మిరాశీ ఆకలికి కొంత భరోసా ఇచ్చిన మాట నిజమే. అయితే అదే మిరాశీ ఆ కుటుంబాన్ని ఆ ఊళ్లకు, ఆ వృత్తికి, ఆ పోషక కులానికి కట్టిపడేసింది. పోషక కులమే పేదదైనప్పుడు ఆశ్రిత కులం గతి ఏమవుతుంది? కులం శ్రమను విభజించడంతో ఆగక శ్రామికులనే విభజించిందని, ఆ విభజన మెట్లుమెట్లుగా ఉంటుందని అంబేడ్కర్ 1936లోనే హెచ్చరించాడు. మాదిగల కింద చిందు, డక్కలి, మాష్టి వంటి కులాలు ఉండటం ఆ మెట్లకు నిదర్శనం. ఆ మెట్టును ఒప్పుకోకుండా దళిత ఐక్యత గురించి మాట్లాడటం సగం నిజమే చెప్పడం.

బుడగ జంగాలకు మిరాశీ రక్షణ కూడా అంతంతే. వారి ప్రదర్శనకు ప్రతిఫలం భిక్ష. భిక్షను చట్టం ఎలా చూస్తుందో గమనించండి. దేశంలో అనేక రాష్ట్రాల చట్టాలకు నమూనాగా నిలిచిన 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం, బహిరంగ స్థలంలో పాడటం, ఆడటం, ప్రదర్శన ఇవ్వడం ద్వారా డబ్బు అడగడాన్ని కూడా యాచనగానే నిర్వచించింది. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఢిల్లీకి సంబంధించినంతవరకు ఆ చట్టంలోని కీలక నిబంధనలను కొట్టివేసింది. నాలుగు గోడల మధ్య, టికెట్టు మీద జరిగితే కళ. వీధిలో, జోలె ముందు జరిగితే నేరం. ప్రదర్శన ఒకటే. తేడా అల్లా ఆ మనిషికి గోడలు ఉన్నాయా లేవా అన్నది.

ఈ విషయంలో ములుగు మనకు ఒక పాఠశాల. ములుగు దాటి జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర మలుపు తిరిగితే పాలంపేట వస్తుంది. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప ఆలయం అక్కడ ఉంది. ఆ గోడల మీద నర్తకులు, వాద్యకారులు రాతిలో నిలిచి ఉన్నారు. గణపతిదేవుని గజసాహిణి జాయప రాసిన నృత్తరత్నావళి ఎనిమిది అధ్యాయాలలో చివరి నాలుగూ దేశి రీతులకే కేటాయించింది. నటరాజ రామకృష్ణ ఈ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ అధ్యయనం చేసి పేరిణిని పునర్నిర్మించారు. 1985 శివరాత్రి నాడు రామప్ప ముంగిటనే దాన్ని ప్రదర్శింపజేశారు. అది గొప్ప కృషి, సందేహం లేదు. 2021 జూలైలో రామప్పకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. రాతిలోని కళాకారుడికి ఇంత గౌరవం దక్కినందుకు సంతోషించాలి. అదే దారిలో తాడ్వాయి అడవుల్లో రెండేళ్లకొకసారి మేడారం జాతర జరుగుతుంది. లక్షల మంది జనం నడిచే అటువంటి జాతరలే సంచార కళాకారులకు తరతరాలుగా బతుకుతెరువు. పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి నాడు ఆడిపాడిన జానపద కళాకారుల పెద్ద పట్టికే ఉంది. క్రీడాభిరామం ఓరుగల్లు వీధుల ఆటపాటలను వర్ణించింది. అంటే ఈ వీధి కళ, రాతి కళ ఒకే నేల మీద పక్కపక్కనే పెరిగాయి. ఒకదానికి రక్షణ, పరిశోధన, నిధులు వచ్చాయి. రెండోది ఈనాటికీ చెట్టు కింద గుడారంలో ఉంది.

కళను మాత్రం అందరూ తీసుకున్నారు. జంగం కథను ప్రజానాట్యమండలి 1940లలో బుర్రకథగా ఊరూరా తీసుకెళ్లింది. పింజారి కులంలో పుట్టిన షేక్ నాజర్ దానికి మహోన్నత రూపం ఇచ్చాడు, 1986లో పద్మశ్రీ పొందాడు. తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాం వేదికల మీద పిట్టలదొర మళ్లీ నిలబడి సమైక్య పాలకులను ఏడిపించాడు. ఉద్యమాలకు ఈ హాస్యం ఎంత బలమిచ్చిందో ఆ తరం వారికి తెలుసు. రూపం ఉద్యమానిదైంది, ఆ రూపాన్ని కనిపెట్టిన గూడెం మాత్రం ఉద్యమ విజయాల పంపకంలో కనిపించలేదు.

2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ సినిమా ఇందుకు మన కళ్లెదుటి ఉదాహరణ. హాస్యనటుడు వేణు ఎల్దండి దర్శకత్వం వహించిన ఆ కథలో, విడిపోయిన తోబుట్టువులను చివరకు కలిపేది చావింట్లో బుడగ జంగాలు పాడే పాట. ఆ పాట పాడినవారు వరంగల్ జిల్లా దుగ్గొండి ప్రాంతానికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. తెలుగు నేల అంతా ఆ పాటకు కన్నీరు పెట్టింది. ఊళ్లలో తెరలు కట్టి సామూహికంగా చూశారు. మూత్రపిండాల వ్యాధితో చాలాకాలం బాధపడిన మొగిలయ్య 2024 డిసెంబర్ 19న కన్నుమూశాడు. చికిత్సకు ప్రభుత్వమూ దాతలూ సాయం చేశారు. అయితే ప్రశ్న సాయం గురించి కాదు. ఒక సినిమా ఆడితే తప్ప, ఒక పాట జనం నోళ్లలో పడితే తప్ప, ఒక కళాకారుడి రోగం లోకానికి తెలియని స్థితి గురించి. సినిమా ఎక్కని మొగిలయ్యలు ఎందరు?

ఇక చట్టం సంగతి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు సభ్యుల ధర్మాసనం 6:1 మెజారిటీతో ఎస్సీ వర్గీకరణకు అనుమతించింది. తెలంగాణ ప్రభుత్వం జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ సిఫారసుల మేరకు 59 కులాలను మూడు వర్గాలుగా విభజించి 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి తెచ్చింది. బేడ (బుడగ) జంగం, డక్కలి, మాష్టి సహా 15 కులాలు మొదటి వర్గంలో ఉన్నాయి. వారికి ఒక శాతం. రెండవ వర్గంలోని 18 కులాలకు తొమ్మిది శాతం, మూడవ వర్గంలోని 26 కులాలకు ఐదు శాతం. అత్యంత వెనుకబడినవారిని విడిగా గుర్తించడం చారిత్రకమైన అడుగు, దాన్ని తక్కువ చేయకూడదు. అయితే వంద ఉద్యోగాలు పడితే తప్ప ఒక్కటి రాని వాటా, పదో తరగతి దాటినవారే కొద్దిమంది ఉన్న సమూహాల చేతిలో కాగితంగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. అర్హులు దొరకలేదన్న మాటతో ఆ ఒక్క ఖాళీ పక్క వర్గానికి జారిపోతే చట్టం ఉద్దేశమే నెరవేరదు.

సరిహద్దు దాటితే పరిస్థితి మరీ విచిత్రం. 2002 నాటి సవరణ చట్టం బేడ జంగం కులానికి ఎస్సీ హోదాను తెలంగాణ జిల్లాలకు పరిమితం చేసింది. ఆంధ్ర, రాయలసీమలలో తిరిగే అదే కులానికి ఆ హోదా లేకుండా పోయింది. ఊరూరా తిరగడమే వృత్తిగా ఉన్న కులాన్ని జిల్లా సరిహద్దులతో కొలవడం ఏ న్యాయం? అన్న వరంగల్‌లో దళితుడు, తమ్ముడు కర్నూలులో కాడు అన్న పరిస్థితి ఒకే ఇంట్లో ఏర్పడుతుంది. సంచార, విముక్త జాతుల కోసం కేంద్రం 2022 ఫిబ్రవరిలో ఐదేళ్లకు 200 కోట్ల రూపాయలతో సీడ్ పథకం ప్రారంభించింది. ఏ పథకమైనా మొదట అడిగేది కుల ధ్రువపత్రం, చిరునామా. చిరునామా లేకపోవడమే ఈ జనం సమస్య అయినప్పుడు, చిరునామా ఉన్నవారికే పరిష్కారం ఇస్తామనడం అర్థం లేని పని.

ఈ కళలు అంతరించిపోతున్నాయని బాధపడే పెద్దలు, పిల్లలు తాతల వృత్తి వదిలేస్తున్నారని నిందిస్తారు. ఆ నింద అన్యాయం. కడుపు మాడ్చుకుని మన వారసత్వాన్ని మోయమని ఒక కులానికి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అలాగని ఈ కళలన్నీ బానిసత్వపు గుర్తులు, వాటిని తగలబెట్టాలనే వాదం కూడా తొందరపాటే. జాంబపురాణంలోని ఆ వాదాన్ని, దొర ఎదుట కొయ్య తుపాకి పట్టిన ఆ ధిక్కారాన్ని మనం పోగొట్టుకోలేము. చిందు ఇంటి పిల్లవాడు డాక్టరు కావాలనుకుంటే కావాలి, నటుడు కావాలనుకుంటే గౌరవంగా, జీతంతో నటుడు కావాలి. ఎంచుకునే అవకాశం ఉన్నప్పుడే అది కళ అవుతుంది. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో చిందు యక్షగానానికి పద్మశ్రీ రావడం సంతోషకరం. ఒక పతకం ఒక ఇంటికి వెలుగు, కులానికంతటికీ కావలసింది విధానం.

ఆ విధానం అసాధ్యమైనదేమీ కాదు. సంచార కుటుంబాలకు స్థానిక విచారణతో, చిరునామాతో నిమిత్తం లేకుండా కుల ధ్రువపత్రాలు ఇవ్వాలి. మొదటి వర్గం ఖాళీలను మరొకరికి బదలాయించకుండా కొన్నేళ్లపాటు ఆ వర్గానికే నిలిపి ఉంచి, ఈలోగా గురుకులాలలో ఆ కులాల పిల్లలకు ప్రత్యేక ప్రవేశాలు కల్పించాలి. రామప్ప ఉత్సవాలలో, మేడారం జాతరలో, ప్రభుత్వ ప్రచార కార్యక్రమాలలో కుటుంబ బృందాలతో నేరుగా, లిఖితపూర్వక ఒప్పందంతో, ముందస్తు పారితోషికంతో ప్రదర్శనలు ఏర్పాటు చేయాలి. వీధి ప్రదర్శనను యాచన నిర్వచనం నుంచి తొలగించాలి. ఆంధ్రప్రదేశ్‌లో బుడగ జంగాల హోదాను పార్లమెంటు పునరుద్ధరించాలి. చివరగా, చట్టం అక్కరలేకుండా రేపటి నుంచే చేయగల పని ఒకటి ఉంది. నాయకులు తమ ప్రత్యర్థిని అబద్ధాలకోరు అనదలచుకుంటే ఆ మాటే అనాలి. పిట్టలదొర అబద్ధాలు చెప్పి ఎవరి భూమీ లాక్కోలేదు, ఎవరి ఓటూ అడగలేదు. మన నవ్వుకు మారుగా ఇన్ని గింజలు అడిగాడు. వాటిని కూడా మనం లెక్కపెట్టి ఇచ్చాం.